మంత్రిగారి మురుగు యాత్ర

"ప్రజల కోసం నేను ఎంత దూరమైనా వెళ్తాను" అని మురుగునీటి పారుదల శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు.

ఈ మాట చాలామంది నాయకులు అంటూనే ఉంటారు. అనేసి, ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటారు. మన మంత్రిగారు ఆ బాపతు కాదు. అన్నమాట నిలబెట్టుకునే మనిషి. ఎంత దూరం వెళ్ళబోతున్నారో అక్కడికక్కడే దేశాల పేర్లతో సహా చదివి వినిపించారు. అవి రాసుకునేసరికి విలేకరుల్లో ఒకరిద్దరికి వేళ్ళు నొప్పిపుట్టాయి. పరాయి దేశాల్లో మురుగు ఎంత క్రమశిక్షణతో పారుతోందో కళ్ళారా చూసొచ్చి, ఆ క్రమశిక్షణ మన మురుక్కి కూడా నేర్పించాలన్నది తన జీవితాశయమని, దానికోసం ఇంటి భోజనాన్ని, కంటినిండా నిద్రను వదులుకోవటానికి సిద్ధపడ్డానని చెప్పి, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కుటుంబాన్ని వదిలి అంతకాలం ఉండగలరా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఉండలేను. అందుకే వాళ్ళని కూడా ఈ త్యాగంలో భాగస్వాముల్ని చేస్తున్నాను" అన్నారు మంత్రిగారు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో, హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ టైంటేబుల్‌గారు కూడా ఉన్నారు. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. జీతం పట్టీ మీద తప్ప ఎక్కడా వాడకపోవటంతో అది తుప్పుపట్టిపోయింది. ఆ శాఖకి మంత్రులు వస్తుంటారు, పోతుంటారు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా ఏ విమానం ఎక్కాలి, ఎక్కడ దిగాలి, దిగాక ఎవరు ఎదురురావాలి అన్నది తయారుచేసేది మాత్రం ఈయనే. ప్రపంచపటం ఆయనకి అరచేతిలో గీతలంత పరిచయం. సొంతంగా ఆయన చేసిన ప్రయాణమల్లా ఇంటినుంచి ఆఫీసుకి, ఆఫీసునుంచి ఇంటికి, అదీ బస్సులో, చాలాసార్లు నిలబడి.

ఆ ఇంటి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మురుగునీటి పారుదల శాఖలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఇంటిముందు కాలువలో మురుగు పారదు. నిలబడుతుంది. వాన పడితే లేచి ఇంట్లోకి వస్తుంది. కిందటి వానల్లో అలా ముందుగదిలోకి వచ్చింది. ముందుగదిలో టైంటేబుల్‌గారి భార్య కుట్టుమిషను ఉంటుంది. ఆవిడ ఎంతో కష్టపడి ఒక బడి పిల్లలందరి యూనిఫారాలు కుట్టే పని సంపాదించుకుంది. కుట్టి, ఇస్త్రీ చేసి, దొంతరలుగా పేర్చిన తెల్లచొక్కాలు ఆరోజు గదిలో ఏ రంగులో తేలాయో చెప్పటం బాగుండదు. బడివాళ్ళు ముక్కు మూసుకుని వచ్చి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆవిడ మిషనుని వ్యానుకెక్కించి, ఊరికి అటుచివర ఉన్న అక్కగారింటికి వెళ్ళిపోయింది.

"ఆ కాలువ బాగుపడిన రోజున వస్తాను. అందాకా మీరూ, మీ శాఖా కాపురం చేసుకోండి" అంది వెళ్తూ.

పోట్లాడి వెళ్ళిన మనిషైతే బతిమాలి తెచ్చుకోవచ్చు. ఆవిడ పోట్లాడలేదు. అన్నది న్యాయం. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, లోపల మిషను చప్పుడు వినపడక టైంటేబుల్‌గారికి ఏడుపొచ్చేది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

యాత్ర ఏర్పాట్లకోసం మంత్రిగారు ఆయన్ని ఇంటికి పిలిపించారు. భోజనాల బల్లమీద ప్రపంచపటం పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు పళ్ళేలు పెట్టారు. చుట్టూ కుటుంబం కూర్చుంది.

"ముందు ఒక్క మాట. కాలువలు చూడటానికి వెళ్తున్నాం, అది నిజమే. కానీ నాకు మురుగు వాసన పడదు. చిన్నప్పట్నుంచీ అంతే. తల తిరుగుతుంది. కాబట్టి ఎక్కడికెళ్ళినా కాలువల దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు" అన్నారు మంత్రిగారు.

"చిత్తం సార్."

"మిగతాది ఇంట్లోవాళ్ళు చెప్తారు."

ఇంట్లోవాళ్ళు చెప్పారు. మంత్రిగారి భార్యకి మంచుకొండలు కావాలి, ఒకటి కాదు, రెండు, ఎందుకంటే మొదటిదానిమీద ఫొటోలు సరిగ్గా రాకపోతే రెండోది ఉండాలి. మంత్రిగారి అత్తగారికి మోకాళ్ళనొప్పులు, వేడినీటి బుగ్గల్లో కాళ్ళు పెట్టుకోవాలి. ఆవిడకి విమానంలో నిద్రపట్టదు కాబట్టి ప్రతి విమానానికీ మరో విమానానికీ మధ్య మంచి పడక ఉండాలి. మరదలికి ఒక సముద్రతీరం చూడాలని, బ్యాగులు తయారయ్యే నగరానికి వెళ్ళి, తయారయ్యేచోటే కొనుక్కోవాలని కోరిక. అల్లుడుగారు ఏమీ అడగలేదు. పటం మీద వంగి, పెద్ద జూదశాల ఉన్న నగరం మీద వేలు పెట్టి, మామగారి వైపు చూడకుండా అలాగే ఉంచారు.

టైంటేబుల్‌గారు పెన్సిలుతో గీత గీసుకుంటూ పోయారు. గీత తూర్పుకెళ్ళి, పడమటికి తిరిగి, మళ్ళీ తూర్పుకొచ్చి, ఉత్తరానికి పాకింది. చివరికి పటం చూస్తే చంటిపిల్లాడి చేతికి దారపుండ ఇచ్చినట్టుంది.

"ఇంత కష్టపడుతున్నావు. నీకేం కావాలో కోరుకోవయ్యా" అన్నారు మంత్రిగారు ఉదారంగా.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో టైంటేబుల్‌గారిని ఎవరూ ఆ మాట అడగలేదు.

"మా వీధి కాలువ సార్... కాస్త బాగుచేయిస్తే..."

"ఇంతేనా! నేనేదో అనుకున్నానే. తిరిగి రాగానే నా మొట్టమొదటి సంతకం మీ వీధి కాలువ మీదే. సరేనా?"

"వెళ్ళేముందే ఆ సంతకం పెడితే..."

మంత్రిగారు ఆయన వైపు జాలిగా చూశారు. "విదేశాల్లో కాలువలు ఎలా ఉంటాయో చూడకుండా ఎలా కట్టిస్తానయ్యా? చూడకుండా కట్టబట్టే కదా మీ వీధి ఇలా ఏడ్చింది?"

టైంటేబుల్‌గారు పటం వంక కొత్త కళ్ళతో చూశారు. అందులో ఒక్కొక్క మజిలీ ఇప్పుడు ఆయనకి తన భార్య ఇంటికి రావటానికి పడ్డ ఒక్కొక్క అడ్డులా కనిపించింది. పైగా వానలు ముంచుకొస్తున్నాయి. మెల్లిగా ఒక్కొక్కటీ తగ్గించబోయారు.

"అమ్మగారూ, ఈ కొండమీదా మంచే, ఆ కొండమీదా మంచే కదండీ. ఒకటి తీసేస్తే..."

"మీ ఇంట్లో రెండు గదులుంటే ఒకటి తీసేస్తావా?" అంది మంత్రిగారి భార్య.

ముందుగదిని ఇదివరకే మురుక్కి వదిలేసిన టైంటేబుల్‌గారు పెన్సిలు దించేశారు. కొండలు రెండూ ఉండిపోయాయి. బుగ్గలు కూడా రెండయ్యాయి, ఎందుకంటే అత్తగారి కుడి మోకాలికి ఎడమ మోకాలికి ఒకే నీళ్ళు పడవని ఎవరో చెప్పారట.

తర్వాత ఆర్థిక శాఖ. ప్రజాధనంతో చేసే అధ్యయన యాత్రలో ప్రతి మజిలీలోనూ అధ్యయనం చెయ్యవలసిన విషయం ఒకటి ఉండి తీరాలని అక్కడ నియమం. అంటే మురుగునీటి శాఖవారు ఎక్కడ దిగినా అక్కడో కాలువ ఉండాలి. ఆ నియమాన్ని కాపాడే అధికారి కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి చూసే రకం. ఎంతోమంది మంత్రుల యాత్రల్ని సగంలో విరిచేసిన ఘనత ఆయనది. టైంటేబుల్‌గారికి లోలోపల ఒక ఆశ పుట్టింది. ఈయన రెండు మూడు మజిలీలు కొట్టేస్తే మంత్రిగారు వానలకంటే ముందే ఇంటికొస్తారు. కానీ చేతకాక కొట్టేయించాడన్న మాట రాకూడదు. ఉద్యోగధర్మం అడ్డొచ్చింది.

"మంచుకొండ మీద మురుగేమిటండీ?" అన్నాడు అధికారి.

"ఎందుకు లేదో తెలుసుకోవటానికండీ."

అధికారి టిక్కు పెట్టాడు. "సముద్రతీరం?"

"కాలువలన్నీ చివరికి చేరేది అక్కడికే కదండీ. చేరాక వాటి బాగోగులు ఎవరు చూస్తున్నారో కనుక్కోవాలి."

"ఈ వేడినీటి బుగ్గలు?"

"కిందికి పోవలసిన నీళ్ళు పైకి తన్నుతున్నాయండీ. మనకున్న ఇబ్బందీ అదే."

అధికారి ముఖంలో మెచ్చుకోలు కనబడింది. తర్వాత కాగితం తిప్పి ఆగిపోయాడు. "జూదశాలా?"

వృత్తి నైపుణ్యం టైంటేబుల్‌గారిని ఆదుకుంది.

"నిండుగా లోపలికి వెళ్ళినవాళ్ళు ఖాళీగా బయటికొచ్చే ఏర్పాటండీ అది. వేలమంది వెళ్తారు, వేలమంది వస్తారు. ఒక్కచోట కూడా అడ్డుపడదట."

"పారుదలంటే అదీ!" అన్నాడు అధికారి. టిక్కు కాస్త పెద్దదిగా పెట్టాడు. చివరి మజిలీ అయిన బ్యాగుల నగరం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. ఇదొక్కటైనా పోతుందనుకున్నారు టైంటేబుల్‌గారు.

అధికారి కళ్ళజోడు మీదుగా చూసి, గొంతు తగ్గించి, "గోధుమరంగుది దొరుకుతుందంటారా? మా ఆవిడకి" అన్నాడు.

ఆ విధంగా యాత్ర ఒక్క మజిలీ కూడా తగ్గకుండా మంజూరైంది.

మంత్రిగారి కుటుంబం బయలుదేరిన రోజు విమానాశ్రయంలో కార్యకర్తలు కంటతడి పెట్టుకున్నారు. మంత్రిగారు మెట్లమీద నిలబడి చెయ్యి ఊపారు. వెనకాల అల్లుడుగారు అప్పటికే చలవ కళ్ళజోడు పెట్టుకున్నారు. మర్నాటినుంచి పత్రికల్లో వార్తలు రావటం మొదలైంది. వాటిని కూడా టైంటేబుల్‌గారే ముందుగా రాసిపెట్టారు. మంత్రిగారు గడ్డకట్టే చలిలో వణుకుతూ కూడా ప్రజల గురించే ఆలోచిస్తున్నారని, మరుగుతున్న నీళ్ళలో కాళ్ళుపెట్టి పరిశోధన చేస్తున్నారని, ఒక నగరంలో పారుదల వ్యవస్థను తెల్లవార్లూ దగ్గరుండి గమనించి బాగా నష్టపోయారని చదివి జనం నిట్టూర్చారు.

అంతా అనుకున్నట్టే జరిగితే బాగానే ఉండేది. కానీ మంత్రిగారు ఫోన్లు చెయ్యటం మొదలెట్టారు.

"ఏమయ్యా టైంటేబుల్, ఇక్కడికి దగ్గర్లో ఏదో సరస్సు ఉందట. మా ఆవిడ చూడాలంటోంది. చేర్చు."

"సార్, సరస్సులో కాలువ..."

"అది నువ్వు చూసుకో. నేను ఇక్కడ పనిలో ఉన్నాను."

సరస్సు చేరింది. తర్వాత సరస్సులో ద్వీపం చేరింది. ద్వీపం నుంచి కనిపించే కోట చేరింది. చేరిన ప్రతిసారీ టైంటేబుల్‌గారికి అక్కగారింటినుంచి కూడా ఫోనొచ్చేది. ఆవిడ పలకరింపులు మానేసి చాలాకాలమైంది.

"వచ్చారా?"

"లేదే. మధ్యలో సరస్సొకటి తగిలింది."

"మన ముందుగదిలో కూడా తగిలిందటగా. పక్కింటావిడ చెప్పింది."

నిజమే. వానలొచ్చేశాయి. టైంటేబుల్‌గారు మంచమ్మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో పటం పెట్టుకుని మంత్రిగారిని ద్వీపం దాటించి కోట ఎక్కిస్తుంటే, మంచం కిందనుంచి ఆయన చెప్పులు ఒకదాని వెనక ఒకటి వీధి గుమ్మం వైపు ప్రయాణం కట్టాయి.

వానలు తగ్గాక మంత్రిగారు తిరిగొచ్చారు. కాస్త ఒళ్ళుచేశారు. ప్రజాసేవ ఒక్కొక్కరికి ఒక్కోలా పడుతుంది. టైంటేబుల్‌గారు కాలువ కాగితం చేత్తో పట్టుకుని వెళ్ళేసరికి ఆ ఇంట్లో అందరూ తలలు పట్టుకుని ఉన్నారు. ప్రతిపక్ష నాయకుడు సభలో ఒక ప్రశ్న వేశారట. మంత్రిగారు అధ్యయనం చేసిన కాలువల ఫొటోలు సభముందు పెట్టాలట.

అల్లుడుగారి ఫోనులో వేలకొద్దీ ఫొటోలున్నాయి. టైంటేబుల్‌గారు కూర్చుని అన్నీ చూశారు. మంచులో మంత్రిగారు, సముద్రంలో మంత్రిగారు, గుర్రంమీద మంత్రిగారు, పేద్ద ఐస్‌క్రీముతో మంత్రిగారి అత్తగారు. అంతే.

"ఒక్క కాలువైనా లేదేమిటయ్యా?" అన్నారు మంత్రిగారు కోపంగా.

"తమకి వాసన పడదన్నారండి. అందుకని కాలువలు తగలకుండా తీసుకెళ్ళాను."

"నేనంటే మాత్రం? చూడకపోయినా ఫొటో అయినా తీయించాలా వద్దా?"

అప్పుడు, అక్కడికి పిలిపించిన శాఖ ఇంజనీరు దగ్గి, "సార్, విదేశీ కాలువ ఒకటి ఇక్కడే తయారుచేసుకుంటే పోలా? ఏదో ఒక వీధి చూసి..." అన్నాడు.

మంత్రిగారి ముఖం వెలిగింది. "ఏ వీధి?"

టైంటేబుల్‌గారు జీవితంలో ఎప్పుడూ అధికారుల మాటకు అడ్డు తగల్లేదు. ఆరోజు తగిలారు. "మా వీధి సార్!" అని కేకేశారు. కేకేసినందుకు తర్వాత సిగ్గుపడ్డారు గానీ, మాట వెనక్కి తీసుకోలేదు. అబద్ధపు ఫొటోకోసమైతేనేం, కాలువ నిజంగా బాగుపడుతుంది. ఆవిడ నిజంగా ఇంటికొస్తుంది. ఇందులో పాపం ఏముంది?

శాఖ ఎప్పుడూ చూపించని చురుకుదనం చూపించింది. ఎన్నేళ్ళుగానో కదలని బురద కదిలింది. కాలువ పొడుగునా నునుపైన రాతిపలకలు పరిచారు. అటూ ఇటూ పూలకుండీలు, కూర్చోవటానికి బెంచీలు, వంకీలు తిరిగిన దీపస్తంభాలు వెలిశాయి. ఇళ్ళముందు ఆరేసిన బట్టలు తీయించారు. వీధిలోవాళ్ళ ముఖాలు విదేశీ ముఖాల్లా లేవు కాబట్టి ఫొటో అయ్యేదాకా కిటికీలు మూసుకుని లోపలే ఉండమన్నారు. వీధికుక్క ఒక్కదాన్నే ఉండనిచ్చారు. దానికి స్నానం చేయించి, మెడకి పట్టీ కట్టారు. అది అచ్చం విదేశీ కుక్కలాగే మంత్రిగారిని పట్టించుకోలేదు.

టైంటేబుల్‌గారు ముందురోజే అక్కగారింటికి ఫోను చేశారు. "కాలువ అయిపోయిందే. వచ్చెయ్."

"ఎవరి కాలువ?"

"మనదే. పలకలు కూడా వేశారు. నీ మీదొట్టు."

"మిషను కూడా తెచ్చెయ్యనా?" అంది ఆవిడ. ఆ గొంతు విని ఆయనకి పట్టరాని సంతోషం కలిగింది.

ఆవిడ వ్యాను వీధి మొదట్లోకి వచ్చేసరికి ఫొటో కార్యక్రమం నడుస్తోంది. మంత్రిగారు ఎర్రటి ఎండలో ఉన్ని కోటు, మెడకి మఫ్లరు వేసుకుని, కాలువ పక్కన నిలబడి ఏదో ఆలోచిస్తున్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. జీవితంలో మొదటిసారి కాలువ పక్కన ధైర్యంగా గాలి పీల్చి, "చూశారా, విదేశాల్లో కాలువలు ఇలా ఉంటాయి" అని ఇంజనీరుకి చెప్పారు కూడా.

"ఆగండమ్మా, ఇటు రాకూడదు. ఇది విదేశం" అన్నాడు పోలీసు.

"మా ఇల్లు అదిగో, ఆ పచ్చతలుపు."

"ఈ పూటకి పచ్చతలుపు కూడా విదేశంలోనే ఉందమ్మా. పక్కన నిలబడండి."

ఆవిడ కోప్పడలేదు. వ్యానులోంచి మెడ చాచి, మెరుస్తున్న పలకల్ని చూసి, చూసి, నవ్వింది. ఫొటో అయిపోయింది. మంత్రిగారు మఫ్లరు విప్పి కారెక్కారు. పోలీసు అడ్డంగా కట్టిన తాడు తీశాడు. టైంటేబుల్‌గారూ వ్యానాయనా కలిసి కుట్టుమిషనుని దించి, ఇంటిముందు కాలువమీద పరిచిన పలకమీద పెట్టారు. ఆవిడ చెప్పులు విప్పి, ఉత్త పాదాలతో ఆ పలకమీద అటూ ఇటూ నడిచి చూసింది.

"బడివాళ్ళని మళ్ళీ అడగొచ్చండీ. వాళ్ళ హెడ్‌మాస్టర్ని పిలిచి ఇదంతా చూపిస్తాను" అంది.

ఇద్దరు పనివాళ్ళు గునపాలు పట్టుకుని వచ్చారు. "అమ్మా, మిషను కాస్త పక్కకి జరపండి. ఆ పలక ఎత్తాలి."

"ఎందుకు?"

"అద్దెకి తెచ్చినవమ్మా. ఇంకోచోట ఎగ్జిబిషనుకి ఇవ్వాలి."

టైంటేబుల్‌గారు ఇంజనీరు దగ్గరికి పరుగెత్తారు. ఇంజనీరు దీపస్తంభాలు లెక్కచూసి లారీ ఎక్కించుకుంటున్నాడు. "ఫొటోకని మంజూరైంది. ఫొటో వచ్చింది. ఇంక వీటిని ఇక్కడ ఏ పద్దు కింద ఉంచమంటారు?" అన్నాడు మర్యాదగానే. పైవీధిలో మురుగుకి అడ్డంగా వేసిన ఇసుకబస్తాలు కూడా అప్పుడే తీశారు. ఆగి ఉన్నదంతా, ఇన్నాళ్ళూ నేర్చుకోని క్రమశిక్షణతో, ఒక్కసారిగా వచ్చేసింది.

ఆవిడ తిడితే బాగుండేది. తిట్టలేదు. చెప్పులు వేసుకుని, మిషను ఒక చివర పట్టుకుని, "పట్టండి" అంది. ఆయన రెండో చివర పట్టారు. ఇద్దరూ దాన్ని మళ్ళీ వ్యానుకెక్కించారు. అంత బరువు ఆయన బతుకులో ఎప్పుడూ మొయ్యలేదు.

సభలో మంత్రిగారి ఫొటోని గోడంత తెరమీద వేశారు. సభ్యులందరూ అబ్బా అన్నారు. రెండు పక్షాలవాళ్ళూ ఒకేసారి అబ్బా అనటం ఆ సభలో అరుదు. మంత్రిగారు, ఆ వీధిలో తాను ఎంతోసేపు నిలబడి మురుగు లేకపోవటాన్ని అధ్యయనం చేశానని, అటువంటి కాలువ మన ఊళ్ళోనూ కట్టించి తీరుతానని, దాన్ని తమ శాఖలో పనిచేసే ఒక చిరుద్యోగి వీధినుంచే మొదలుపెడతానని ప్రకటించారు. గ్యాలరీలో కూర్చున్న టైంటేబుల్‌గారు ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నారు. మంత్రిగారు మాట మరిచిపోలేదు!

ప్రతిపక్ష నాయకుడు లేచి తెర దగ్గరికి వెళ్ళారు. ఫొటోని చాలాసేపు, చాలా దగ్గరగా చూశారు. మంత్రిగారు మఫ్లరు సర్దుకోవటానికి మెడమీద చెయ్యి పెట్టుకున్నారు. మఫ్లరు లేదు.

"అధ్యక్షా," అన్నారు ప్రతిపక్ష నాయకుడు, "ఇంత అద్భుతమైన కాలువని ఒక్క అధికారపక్షమే చూసి రావటం ప్రజాస్వామ్యానికి తీరని అవమానం. అన్ని పార్టీల సభ్యులతో, కుటుంబ సమేతంగా, ఒక కమిటీని అక్కడికి పంపాలి. ఆ వీధిని స్వయంగా చూసి వచ్చాకే ఇక్కడ పని మొదలుపెట్టాలి."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. బల్లలు చరిచినవాళ్ళలో మంత్రిగారిదే పెద్ద చప్పుడు. యాత్ర ఏర్పాట్లు అనుభవమున్న ఉద్యోగికి అప్పగించారు.

మర్నాడే ఆర్థిక శాఖ అధికారి ఫోను చేశాడు. "అన్నీ బాగానే ఉన్నాయండీ. ఆ వీధి ఏ దేశంలో ఉందో మాత్రం రాయలేదు."

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. టైంటేబుల్‌గారు పటం ముందుకు లాక్కున్నారు. ప్రపంచమంతా ఆయన ముందు పరుచుకుని ఉంది. తన వీధిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆయనకి మెల్లిగా నవ్వొచ్చింది. పెన్సిలు చెక్కి, సరిహద్దు దాటీదాటగానే ఉన్న ఒక చిన్న ఊరి పక్కన చుక్క పెట్టారు. మంచు లేదు, సముద్రం లేదు, దుకాణాలు లేవు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఆ మర్నాడు పని మొదలెట్టొచ్చు. అంత ముచ్చటైన యాత్ర తన ఉద్యోగంలో ఎప్పుడూ వెయ్యలేదనిపించింది. కాగితాలన్నీ పంపించి, అక్కగారింటికి ఫోను చేశారు.

"ఈసారి ఒక్క పూటేనే. వెళ్ళటం, రావటం. రాగానే మన వీధి."

"నిజంగానా?"

"నేనే వేశాను ప్రోగ్రాం. దారిలో ఇంకేం లేదు."

"సరే అయితే. హెడ్‌మాస్టర్ని మళ్ళీ ఒకసారి అడిగి చూస్తాను" అంది. ఆయన ఫోను పెట్టేసి, ఆ ఆనందంలో ఎదురుగా ఉన్న చుక్కని చూస్తూ కూర్చున్నారు. ఇంతలో ఫోను మళ్ళీ మోగింది.

"టైంటేబుల్‌గారేనా? ప్రతిపక్ష నాయకుణ్ణి మాట్లాడుతున్నాను. ప్రోగ్రాం చూశానండీ. బాగుంది. ఒక చిన్న సవరణ."

"చెప్పండి సార్."

"ఆ వీధి సరిహద్దు పక్కనే ఉన్నట్టు వేశారు."

"అవునండి. అక్కడే ఉందండి."

"అలాగా? ఆ వీధి చివర కిరాణాకొట్లో మా డ్రైవరు రోజూ సిగరెట్లు కొంటాడు. సభలో నేను ఆ మాటేమైనా అన్నానా?"

టైంటేబుల్‌గారు చేతిలో పెన్సిలు కింద పెట్టారు.

"అనలేదు కదా. అనని మనిషికి ఆ మాత్రం మర్యాద చెయ్యాలా వద్దా? ఆ వీధిని కొంచెం దూరం జరపండి."

"ఎంత... ఎంత దూరం సార్?"

"దారిలో కనీసం రెండు సముద్రాలు తగలాలండీ. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికే పెట్టెలు కొన్నారు."

టైంటేబుల్‌గారు ఫోను పెట్టేశారు. సొరుగు లాగి, రబ్బరు వెతికి తీసి, పటం మీద తన వీధిని చెరిపేశారు.